తాడు పట్టిన మా అన్న

మా అన్న కుప్పయ్య ఎట్లాంటోడని ఎవరినడిగినా మొండోడనే చెప్తారు. నేనూ కాదనను. మా నాయన రాళ్ళేరి చేసిన చేను ఒకటి కొండకింద ఉండాది. దానికి పట్టా ఇస్తామని సర్వేవాళ్ళు వచ్చినప్పుడు మా అన్న బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. ఈడ దున్నతా ఉన్నోడు నా మొగుడు మోహన్. పట్టా మోహన్ పేరు మీదే వచ్చేసింది. ఆ పొద్దు నుంచి మా అన్న మా గడప తొక్కలేదు. నా మొగుడు ఎదురొస్తే దోవ మార్చేస్తాడు. నా బిడ్డను మాత్రం యాడ కనపడినా ఎత్తుకుంటాడు, ఇదేం చోద్యమో.

అట్లా ఉండంగా తిరుపతి నుంచి బాలచంద్ర అనే ఆయన కెమెరాలేసుకోని దిగినాడు. కొండను నమ్ముకోని బతికేవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తాడంట. బండకు పట్టిన తేనె కోసేది కావాలన్నాడు. నా మొగుడు దిగతానని ఒప్పుకున్నాడు. మా వాళ్ళలో బండమీద నుంచి దిగే మనిషికి తాడు పట్టేది పెండ్లాం అన్నదమ్ములే. దిగేవాడి సొంత తమ్ముడైనా ఆ తాడు తాకకూడదు. చెల్లెలి తాళి తెగేది ఏ అన్నకూ ఇష్టముండదని పెద్దోళ్ళు పెట్టిన కట్టుబాటు. నాకుండేది ఒక్కడే అన్న.

"మామా, వద్దు. ఆయనకు నీమీద కడుపుమంట" అని నా మొగుడి కాళ్ళావేళ్ళా పడినాను.

"పట్టనని ఆయన్నే చెప్పమను" అన్నాడు.

అన్న పట్టనని చెప్పలా. తలకాయ ఊపి తాడు భుజానేసుకున్నాడు. తాడు వదిలేస్తే చేను చేతికొస్తాది గదా అని నా పాడు బుద్ధికి తోస్తానే ఉండాది.

నా మొగుడు కంబళి కప్పుకోని తాడు కట్టుకోని బండ అంచు దాటి దిగినాడు. కింద చూస్తే కండ్లు తిరిగే లోయ. అన్న తాడు నడుముకు చుట్టుకోని, కాళ్ళు రాయికి తన్నిపెట్టి కూర్చున్నాడు. ఇంకా పొగ కూడా పెట్టలేదు, బాలచంద్ర మనుషులు డ్రోన్ లేపినారు. ఆ రొదకు తేనెటీగలన్నీ ఒక్కసారిగా లేచినాయి. సినిమా వాళ్ళు కెమెరాలెత్తుకోని పరుగో పరుగు.

పైన అన్నకు ఒంటిమీద బనీను తప్ప ఏమీ లేదు. ఈగలు మొగమంతా కమ్ముకున్నాయి. తోలుకునేదానికి చెయ్యి ఖాళీ ఏదీ? "అన్నా, నేను పట్టుకుంటా" అని కొంగు కప్పుకోని ఉరికినాను.

"తాకొద్దు పాపా, పక్కకు పో" అన్నాడు.

పండ్లు బిగబట్టి, పట్టు మీద పట్టు మార్చుకుంటా లాగతా ఉండాడు. కంటిరెప్పల మీద కుట్టినా చెయ్యి తియ్యలా. నాకు ఏడుపు ముంచుకొచ్చేసింది. ఎవరికోసం ఏడస్తా ఉండానో నాకే తెలీలేదు.

ఎట్లనో నా మొగుడి చెయ్యి అంచుమీద కనపడింది. పాక్కుంటా పైకొచ్చి వెల్లకిలా పడిపోయినాడు. ఈగలు పల్చబడినాయి. అన్న మాత్రం తాడు వదల్లేదు. కండ్లు రెండూ వాచి మూసుకుపోయినాయి, ఆయనకేమీ కనపడలా. ఖాళీ తాడును అట్లే బిగించుకోని, నేనుండే దిక్కుకు తల తిప్పినాడు.

"బరువు పోయింది పాపా. మనిషి యాడ?"

నేను నోరు తెరిచేలోగా నా మొగుడు లేచి ఆయన ముందర కూలబడినాడు.

"ఈడనే ఉండా బావా, వదులు" అంటా, ఆయన వేళ్ళను ఒక్కొక్కటే తాడు మీద నుంచి తీసినాడు.