ఊదారంగు శాటిన్ ముక్క

బాపట్లలో పుష్పలత ఎవరి గుమ్మం ఎక్కినా ఆ ఇంట్లో ముసలివాళ్ళ మొహాలు మాడిపోతాయి. ఆవిడ చేసిన నేరమల్లా సీమోనుని పెళ్ళి చేసుకోవడమే. సీమోనుకి రైలు గేటు దగ్గర సమాధి పెట్టెల షాపుంది. చెక్క కోసేదీ, మేకులు కొట్టేదీ, మూత మీద తెల్లరంగుతో పేరు రాసేదీ ఆయన. లోపల స్పాంజి వేసి, శాటిన్ పరిచి, అంచుకి లేసు కుట్టి, బుల్లి తలగడ చేసిపెట్టేది పుష్పలత. వాళ్ళు వెళ్ళే చర్చిలో పెద్దింటివాళ్ళయినా పేదింటివాళ్ళయినా ఆఖరికి పడుకునేది ఆవిడ కుట్టిన పరుపు మీదే. కానీ ప్రాణం ఉన్నన్నాళ్ళూ మాత్రం ఆవిడ గాలి సోకకూడదు. ఇదీ వాళ్ళ మర్యాద.

ఒకసారి చర్చి స్త్రీల సమాజంవాళ్ళతో కలిసి, పక్షవాతంతో మంచాన పడ్డ కోటయ్య మేస్త్రిని చూడ్డానికి వెళ్ళింది. అందరూ ప్రార్థన చేసి కళ్ళు తెరిచేసరికి కోటయ్య ఈవిడ వంకే చూస్తున్నాడు. కొలత తీసుకోడానికొచ్చావా అమ్మా అని అడిగాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కోటయ్య నవ్వలేదు. మర్నాటి ఆదివారమే సమాజం సెక్రటరీ హెప్సిబా ఈవిడని పక్కకి పిలిచి, ఇకనించి రోగుల ఇళ్ళకి రావద్దనీ, వాళ్ళు బెంబేలు పడుతున్నారనీ చెప్పేసింది. చర్చి గుడి ఊడవడానికీ, విందు రోజున గిన్నెలు తోమడానికీ రావొచ్చుట. అందుకు ఎవరూ బెంబేలు పడరు మరి.

పుష్పలత నోట్లో నాలుక లేని మనిషేం కాదు. ఆ పూటే నాలుగు దులిపేసి ఉండేది. కానీ ఆవిడకి ఒకటే కోరిక, పదిమందిలో తనూ ఒకత్తిగా ఉండాలని. తన చేత్తో ఇచ్చింది ఎవరైనా మొహం చిట్లించకుండా పుచ్చుకోవాలని. అందుకని మింగేసి ఊరుకుంది. ఆ మింగింది అరగలేదన్నది వేరే సంగతి.

ఆ కోరికతోనే క్రితం ఏడు సండే స్కూలు పిల్లల క్రిస్మస్ బహుమతులకి పొట్లాలు చుట్టే పని నెత్తినేసుకుంది. తెనాలి నుంచి పెట్టెల మూతలకి బందులూ, పిడులూ వచ్చేటప్పుడు వాటికి దళసరి ఖాకీ కాగితం చుట్టి వస్తుంది. సీమోను దాన్ని పొయ్యి కిందికని పడేస్తుంటే ఈవిడ లాక్కుని, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ పెట్టె వెచ్చవెచ్చగా లాగి ముడతలు తీసింది. బెండకాయని అడ్డంగా కోస్తే ఐదు మూలల చుక్క వస్తుంది. మూతల మీద పేర్లు రాయగా డబ్బా అడుగున మిగిలిన తెల్లరంగులో ఆ ముక్కని ముంచి కాగితం నిండా చుక్కలు అద్దింది. మైదా ఉడికించి జిగురు చేసింది. రిబ్బన్లకి శాటిన్ కత్తిరింపులు ఉండనే ఉన్నాయి. వాటి అంచులు దారాలు పోకుండా కొవ్వొత్తి మంట మీద ఇలా ఇలా ఆడించి, రెండు చెవుల ముడి వేసింది. పాస్టరుగారి భార్య వాటిని చూసి, ఎంత బావున్నాయమ్మా, ఇంత చెత్తలోంచి ఇంత అందం ఎలా తీశావని మెచ్చుకుంది. పిల్లలు ఆ కాగితాలు చింపకుండా విప్పి పుస్తకాలకి అట్టలేసుకున్నారు.

హెప్సిబాకి ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? పాత బస్టాండు దగ్గర ఆవిడకి ఫ్యాన్సీ షాపుంది. ఏటా ఆ తళతళ కాగితాలు సమాజానికి అమ్మేది ఆవిడే. పైకి మాత్రం అలా అనలేదు. చావు పెట్టెల దగ్గర చెత్త తెచ్చి పసిపిల్లల చేతుల్లో పెడతారా అంది. పాస్టరమ్మగారు పట్టించుకోలేదు కాబట్టి ఊరుకుంది.

ఈ ఏడు వానాకాలం వెళ్ళే రోజుల్లో హెప్సిబా తల్లి రేపల్లెలో పోయింది. అప్పుడు హెప్సిబా తనంత తనే పెట్టెల షాపుకి వచ్చింది. ఏ బట్ట చూపించినా మా అమ్మకి ఇది కాదు, ఇది కాదంటూ ఏడ్చింది. సీమోను ఎవరో అడుగుతారని తెనాలి నుంచి తెప్పించినా, ఖరీదని ఎవరూ ముట్టని ఊదారంగు శాటిన్, వెండి పువ్వులది, అటక మీంచి దించాడు. హెప్సిబా దాన్ని చెంపకి ఆనించుకుంది. పుష్పలత మిషను తొక్కుతున్నంతసేపూ పక్కనే స్టూలు మీద కూచుని, మా అమ్మకి మెడ నొప్పి, తలగడ ఎత్తుగా పెట్టవే అని బతిమాలింది. కుట్టడం అయ్యాక హెప్సిబా ఈవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

పిచ్చి పుష్పలత! ఆ పట్టుకోడంతో అన్నీ తీరిపోయాయనుకుంది. మరుసటి వారం గుళ్ళో నవ్వుతూ ఎదురెళితే, హెప్సిబా ఎవరినో వెతుకుతున్నట్టు పక్కకి చూస్తూ వెళ్ళిపోయింది.

డిసెంబరు రాగానే సమాజంలో క్రిస్మస్ ఫ్రెండు చీటీలు తీశారు. పేర్లు రాసిన చీటీలు గిన్నెలో వేస్తారు. ఎవరికి ఎవరి పేరొస్తే వాళ్ళకోసం ఆ నెలంతా రహస్యంగా ప్రార్థన చెయ్యాలి, పండగ ముందర బహుమతి ఇవ్వాలి. చీటీలు రాసింది హెప్సిబాయే. తను చీటీ తియ్యననీ, నేరుగా పాస్టరమ్మగారికే బహుమతి ఇస్తాననీ చెప్పింది. పుష్పలత తీసిన చీటీలో హెప్సిబా అని ఉంది.

ఇంటికొచ్చి ఆ చీటీని చాలాసేపు చూసింది. ఒక స్టీలు ఫ్లాస్కు కొంది. చుట్టడానికి చుక్కల కాగితం చాలు. కానీ ఆవిడ చెయ్యి కత్తిరింపుల సంచిలోకి పోయి, ఆ రోజు మిగిలిన ఊదారంగు ముక్కని బయటికి లాగింది.

"అది వద్దే," అన్నాడు సీమోను. "చూడగానే గుర్తుపడుతుంది."

"పట్టాలనే," అంది పుష్పలత.

ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటి కాదు. ఆ బట్ట చూసి, ఆ రోజు పట్టుకున్న చేతులు గుర్తొచ్చి, హెప్సిబా మెత్తబడితే సరే. మెత్తబడకపోతే గుచ్చుకోనీ. రెంటిలో ఏది ఎక్కువ కావాలో ఆవిడకే తెలీదు. ఫ్లాస్కుని ఊదారంగు బట్టలో చుట్టి, లేసు ముడేసి, ముడిలో ఒక వెండి పువ్వు పైకొచ్చేలా సర్దింది. చేతిలోకి తీసుకుని చూసుకుంటే తనకే ముచ్చటేసింది.

సమాజం క్రిస్మస్ రోజున పాటలయ్యాయి, కేకు కోశారు. ఒక్కొక్కరే లేచి తన ఫ్రెండు పేరు చెప్పి బహుమతి ఇస్తున్నారు. పుష్పలత లేచి హెప్సిబా పేరు చెప్పింది. హెప్సిబా పొట్లం అందుకుంది. ముడి మీద వేలు పెట్టింది. అంతే, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మా అమ్మ శవం మీద బట్టలో చుట్టి నాకు పండక్కి ఇస్తావా?"

పుష్పలత తొణకలేదు. శవం మీద బట్ట కాదక్కా, దానికి పనికిరాకుండా మిగిలిన ముక్క, కొత్తది, మీరే చెంపకి ఆనించుకున్నారు అని చెప్పింది. కానీ ఎవరు వింటారు? వెనక వరసలో ఒకావిడ కూతురి జడలోంచి క్రితం ఏడాది పొట్లానికి కట్టిన శాటిన్ రిబ్బను లాగి కిటికీలోంచి పారేసింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. ఇంకొకావిడ, పుష్పలత ఈ ఏడు చుట్టిన సండే స్కూలు పొట్లాలున్న బల్ల దగ్గర్నించి తన కొడుకుని రెక్క పట్టుకుని ఈడ్చింది. హెప్సిబా ఫ్లాస్కు బయటికి తీసుకుని బట్టని గచ్చు మీద పడేసింది. ఫ్లాస్కుని మాత్రం పడెయ్యలేదు.

పాస్టరమ్మగారికి ఏం చెయ్యాలో తోచలేదు. పోనీ మాట మారుద్దామని, పుష్పలతకి ఇంకా బహుమతి రాలేదే, ఈవిడ పేరు ఎవరికొచ్చింది అని అడిగింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ అడిగింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, ఆఖరికి అందరూ హెప్సిబా వంక చూశారు.

"ఆవిడ పేరు రాయలేదండి," అంది హెప్సిబా. "ఎవరికొచ్చినా బాధపడతారు కదండి, పండగ పూట."

పుష్పలతకి ముందు అర్థం కాలేదు. నెల రోజులుగా తన కోసం కూడా ఎవరో ప్రార్థన చేస్తున్నారనుకుంటోంది. పొద్దున బజార్లో నవ్వి పలకరించినావిడేమో, గుళ్ళో పక్కకి జరిగి చోటిచ్చినావిడేమో అని రోజుకొకరి మీద అనుమానపడి సంతోషించింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి అక్కడ తనవాళ్ళెవరున్నారు కనక?

వంగి ఊదారంగు ముక్క తీసింది. దుమ్ము దులిపి, మోకాలి మీద పెట్టి మడతపెట్టింది. ఆ పైన తల ఎత్తింది.

"నా పేరు మీరు రాయకపోతే పోయారు హెప్సిబక్కా. మీ పేరు మాత్రం ఒకరోజు మా షాపుకి వస్తుంది. మా ఆయన మూత మీద రాస్తాడు, నేను లోపల పరుపు కుడతాను. మీరు చేసినట్టు చెయ్యనులెండి, తలగడ ఎత్తుగానే పెడతాను."

కోపంతో ఎర్రబడ్డ మొహాలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. అక్కడున్నవాళ్ళంతా తమ తమ కొలతలు తలుచుకున్నట్టున్నారు. పుష్పలత చెప్పులేసుకోడానికి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

వెనకనించి హెప్సిబా వచ్చింది. కళ్ళు ఆ మడత మీదే ఉన్నాయి.

"ఆ ముక్క ఇచ్చేసి వెళ్ళవే. అమ్మది ఇంకేం లేదు నా దగ్గర."

ఆ రోజు షాపులో పుష్పలత చేతులు పట్టుకున్న ఆ చెయ్యే చాచింది. పుష్పలత ఆ చేతిని చూసింది. ఇచ్చెయ్యాలనే అనిపించింది, ఒక్క క్షణం. బట్టని సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.