చెయ్యి కనపడలేదు

రేపల్లె రైల్లో కూర్చోబోతూ చేపలమ్మే ఆమె బుట్టను తన్నేశాను. ఒలికిన రొయ్యలు ఏరుకుంటూ, "ఎడమపక్క కనపడట్లేదా బాబాయిగారూ?" అంది.

"మొన్నే కళ్ళజోడు షాపులో అక్షరాలన్నీ చదివానమ్మా."

"మా ఆయనా చదివాడండి. తర్వాత ఆ కన్నే పోయింది. కుడికన్ను మూసుకుని ఎదురుగా చూడండి."

ఎడమపక్కన ఆమె ఊపుతున్న చేతి గాజుల చప్పుడు వినపడింది, చెయ్యి మాత్రం కనపడలేదు.

"మా ఆయనకొచ్చిన నీటికాసులేమో, కంటి నరం దెబ్బతినే జబ్బు. కంట్లో మందేయించుకుని, లోపలి నరం చూపించుకోండి."

తెనాలిలో దిగి తిన్నగా కంటాస్పత్రికే వెళ్ళాను. కంటి ఒత్తిడి, నరం, పక్కచూపు అన్నీ పరీక్షించి, ఆమె చెప్పిన జబ్బే అన్నారు. పోయిన చూపు రాదుగానీ, మిగిలింది చుక్కల మందుతో నిలుస్తుందన్నారు.

ఐదేళ్ళయింది. చూపు రవ్వంత కూడా తగ్గలేదు, ఆ జబ్బు మీద పైచేయి నాదే. ఇప్పటికీ రైల్లోకి చేపలబుట్ట ఎక్కితే, ఆమేనేమోనని ఎడమపక్కకి పూర్తిగా తల తిప్పి చూస్తాను.