నిల్ అని రాయని నెల

మొన్న తాడేపల్లిగూడెంలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనే లారీలు తూకం వేసే కాటా గదిలోంచి పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు చప్పుడు వినిపించింది. కర్ర్‌మని ఒక వరస, కాస్త ఆగి మళ్ళీ ఒక వరస. చుట్టూ ఉల్లిపాయల బస్తాల వాసన, డీజిలు పొగ, రిక్షావాళ్ళ కేకలు. ఇవేవీ నేను పట్టించుకోలేదు గానీ ఆ చప్పుడుకి మాత్రం అరచేతులు చెమట పట్టాయి. పాతికేళ్ళ వయసులో, ఏలూరులో ఒక చిన్న ఆఫీసులో, అలాంటి ప్రింటరు ముందు నిలబడి ఒక కాగితం బయటికి రావడం కోసం ఊపిరి బిగబట్టి చూశాను. ఆ కాగితం మీద నా కళ్ళు వెతికిన అంకె ఒకటే, అక్షరాలా ఒకటి. ఆ ఒకటి వెనక ఉన్న మనిషి భ్రమరాంబ గారు. ఆవిడ ఇదే ఊరి నుంచి రోజూ పాసింజరు బండెక్కి ఏలూరు వచ్చేవారు.

రెండు వేల దశకం మొదట్లో నేను ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటరు ఆపరేటరుగా చేరాను. మా అబ్బా తివాచీలు నేసేవారు. కళ్ళు మసకబారి మగ్గం దిగిపోయాక ఇల్లు నా జీతం మీద పడింది. జిల్లాలో ఇల్లూ వాకిలీ లేని పిల్లల లెక్కలు మా దగ్గరికి వచ్చేవి. ఏ అనాథాశ్రమంలో ఎంతమంది ఉన్నారు, కొత్తగా ఎవరొచ్చారు, ఎందరిని దత్తతకిచ్చారు, ఎందరిని పెంపకానికి వేరే కుటుంబాలకి పంపారు, ఎందరు చనిపోయారు, ఎందరు హింసకు గురయ్యారు. నెలాఖరుకి అదంతా ఒక పట్టికగా చేసి హైదరాబాదు పంపాలి. అక్కడ అన్ని జిల్లాలవీ కలిపి రాష్ట్రం పట్టిక తయారవుతుంది. ఆ లెక్కల సీటు భ్రమరాంబ గారిది. యాభై దాటిన మనిషి, నేత చీర, గుండ్రటి కళ్ళద్దాలు. అత్తిలిలో బడిపంతులు గారి కూతురు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. అటెండరుని కూడా మీరు అనే పిలిచేవారు.

చేరిన మొదటి నెలలోనే నేనొక పని చేశాను. పట్టికలో అడ్డు మొత్తం, నిలువు మొత్తం కలవలేదు. ఒకటి తేడా. మధ్యాహ్నం దాకా కూడీ కూడీ విసిగిపోయి, ‘తల్లిదండ్రులకు అప్పగించినవారు’ అన్న గడిలో ఒకటి పెంచాను. మొత్తం చక్కగా సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి కాగితం తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ పెన్సిలు మొనతో గడి గడీ తాకుతూ వచ్చి అక్కడ ఆగారు.

“ఈ పెరిగిన ఒక్కరి పేరేంటమ్మా?” అన్నారు.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ఆశ్రమం ఫైలూ తీయించారు. సాయంత్రం అయిదింటికి తేడా దొరికింది. పుట్టి నెల కూడా నిండని పసిగుడ్డు, బస్టాండులో దొరికింది. ఆ నెల మొదటి వారంలోనే ఆసుపత్రిలో పోయింది. ఆసుపత్రి కాగితం ఫైల్లో వెనక్కి పోయి ఇరుక్కుంది. పోయిన బిడ్డని నేను కాగితం మీద కన్నవాళ్ళ ఒళ్ళో పెట్టేశాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “దిద్దు. మరణాల గడిలో వెయ్యి” అన్నారు. ఇంకేం అనలేదు. ఆవిడ తిట్టి ఉంటే ఆ రోజు నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత ఆవిడ దగ్గరున్న పొడవాటి అట్ట పుస్తకం నాకూ చూపించారు. ప్రభుత్వం అడిగింది కాదు, ఆవిడ సొంతంగా పెట్టుకున్నది. ప్రతి పిల్ల పేరూ, ఆ నెల ఆ పిల్ల ఎక్కడున్నదీ, ఎవరు కళ్ళారా చూశారన్నదీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేవి. ఎవరు చూశారన్న వరస ఖాళీగా ఉంటే ఆ నెలకి ఆ పేరు పక్కన చిన్న చుక్క. ఆ ఏడు వానాకాలంలో ఒక పేరు పక్కన మూడు చుక్కలు వరసగా పడ్డాయి. దుర్గ, ఏడేళ్ళు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రమం ఆ పిల్లని కొల్లేటి లంక ఊళ్ళో ఒక కుటుంబానికి పెంపకానికిచ్చామని రాసింది. వెళ్ళి చూసొచ్చిన వాళ్ళెవరూ లేరు.

భ్రమరాంబ గారు మా ఆఫీసరు గారిని జీపు అడిగారు. ఆయన చెడ్డవాడేం కాదు. రిటైరుమెంటుకి ఏడాది ఉంది, ఏ గొడవా లేకుండా దిగిపోవాలని ఆయన ఆరాటం. “పెంపకానికివ్వడంలో మన జిల్లా ముందుందని మొన్న మీటింగులో మెచ్చుకున్నారండీ. ఇప్పుడు వెళ్ళి అనుమానంగా తలుపులు కొడితే ఇంకెవరు ముందుకొస్తారు? వచ్చే నెల చూద్దాం” అన్నారు. ఆవిడ “అలాగేనండి” అని బయటికి వచ్చారు. వచ్చి నాతో, “ఆదివారం నీకేమైనా పనుందా నజీమా?” అని అడిగారు.

ఆదివారం పొద్దున్నే ఏలూరులో బస్సెక్కాం. బస్సు దిగాక గుర్రపుడెక్క మధ్య నుంచి దోనె మీద ముప్పావు గంట. దోనె నడిపే ముసలాయన, వాన వచ్చేలా ఉంది, నాలుగు దాటితే తిరిగి వెళ్ళడానికి ఏదీ దొరకదని ముందే చెప్పాడు. ఊరి పేరు రాయను. జరిగింది ఆ ఊరి తప్పు కాదు. ఇల్లు వెతుక్కుని వెళ్తే వాకిట్లో ఒకావిడ వల ఆరబెడుతోంది.

“ఏలూరు నుంచి వచ్చామండి. దుర్గని ఒకసారి చూసి వెళ్దామని.”

ఆవిడ చేతిలో వల అలాగే ఆగింది. “పిల్ల లేదండి. మా ఆడపడుచు గారి ఊరెళ్ళింది.”

“పర్వాలేదండి. వచ్చేదాకా కూర్చుంటాం” అని భ్రమరాంబ గారు అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళడిగి తాగారు. వలల గురించి, ఆ ఏడు నీళ్ళ గురించి మాట్లాడారు. గంట గడిచింది. ఇంటావిడ మూడుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. నాకు లేచి పారిపోవాలని ఉంది. ఆకాశం నల్లబడుతోంది. మనకెందుకండీ, రేపు ఆఫీసరు గారికి చెబుదామని చెవిలో అన్నాను. ఆవిడ నా చెయ్యి నొక్కి ఊరుకున్నారు. అంతలో పక్కింటి ముసలమ్మ గడ్డిమోపుతో మా ముందు నుంచి పోతూ, మా వంక చూడకుండానే, “రొయ్యల షెడ్డు కాడ చూస్కోండమ్మా” అని గొణిగి వెళ్ళిపోయింది.

షెడ్డు ఊరి చివర, రేకుల కప్పు. లోపల ఐసు నీళ్ళు నేలంతా పారుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుని రొయ్యలు వొలుస్తున్నారు. ఆ చివర, పెద్ద తొట్టి వెనక, ఒక పిల్ల. చేతివేళ్ళు నాని తెల్లగా పాలిపోయి, రొయ్య ముళ్ళు గుచ్చుకున్న చోటల్లా పుండ్లు. మోచేతి మీద మానీ మానని కాలిన మచ్చ. భ్రమరాంబ గారు ఆ నీళ్ళలోనే గొంతుక్కూర్చున్నారు.

“నీ పేరేంటమ్మా?”

“లక్ష్మండి.”

“లక్ష్మేనా? మీ అమ్మ ఏమని పిలిచేది?”

పిల్ల రొయ్యని చేతిలోంచి వదలకుండా చాలాసేపు చూసింది. “దుర్గ అని,” అంది. తర్వాత భయంగా, “అలా చెప్పొద్దన్నారండి” అంది.

ఆవిడ పిల్ల చేతిలో రొయ్య తీసి తొట్టిలో వేసి, తన చీర కొంగుతో ఆ చేతులు తుడిచారు. మేం షెడ్డు గుమ్మం దాటేసరికి ఇంటాయన ఎదురొచ్చాడు. కబురు అంది పరుగున వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. వెనక మరో ఇద్దరు మగవాళ్ళు.

“ఎక్కడికండీ తీసుకెళ్తున్నారు? ఆశ్రమం వాళ్ళే ఇచ్చారు. మీ దగ్గర ఆర్డరుందా?”

“లేదండి,” అన్నారు ఆవిడ. “ఆర్డరు లేదు. కానీ పెంపకానికి తీసుకున్నారు కదండీ, ఏ స్కూల్లో చేర్పించారు?”

అతను వెనకున్న ఇద్దరి వంకా చూశాడు.

“చెయ్యి కాలితే ఏ డాక్టరుకి చూపించారండీ?”

“పని చెబితే మొండికేసిందండి...” అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. షెడ్డులో ఆడవాళ్ళు పీటల మీంచి లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అందరూ అతన్నే చూస్తున్నారు.

“ఆపదలో ఉన్న పిల్ల కనబడితే తీసుకెళ్ళి పిల్లల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టమని చట్టంలో ఉందండి. రేపు పొద్దున్న ఏలూరులో నిలబెడతాను. మీరూ రండి. మీ మాటా అక్కడ చెప్పుకోండి,” అని, అదే మెత్తటి గొంతుతో, “కాస్త దారివ్వండి బాబూ” అన్నారు.

అతను దారివ్వలేదు. ఆవిడే పిల్లని తన అవతలి పక్కకి తిప్పుకుని, బురదలోకి దిగి, అతన్ని చుట్టి నడిచారు. నేను వెనకాల. మా వెనక అడుగుల చప్పుడు రేవు దాకా వచ్చింది. గట్టు మీద నిలబడి అతను, “ఒరేయ్, దోనె తియ్యకు” అని అరిచాడు. ముసలాయన అతని వంక చూశాడు, పిల్ల చేతుల వంక చూశాడు. గడకర్ర బురదలో దింపి తోశాడు. గట్టు దూరమైందాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూసేసరికి భ్రమరాంబ గారి ఒళ్ళంతా వణుకుతోంది. వాన ఇంకా మొదలవనే లేదు.

“భయమేసిందాండీ?” అన్నాను.

“ఇంటి గుమ్మంలో కాలు పెట్టిన దగ్గర్నుంచీ” అన్నారు. దుర్గ ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది. కాసేపటికి ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు, “హింస గడిలో పదకొండేళ్ళ నుంచి నిల్ అని రాస్తున్నాను నజీమా. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ వెళ్ళి చూడలేదు” అన్నారు.

మర్నాడు కమిటీ పిల్లని ప్రభుత్వ బాలికల హోముకి పంపింది. ఆ ఆశ్రమం మీద విచారణ వేసింది. ఆ వారంలోనే నెలవారీ పట్టిక పంపాలి. భ్రమరాంబ గారు విచారణకని తాడేపల్లిగూడెంలో ఉండిపోయారు. నేను ఒక్కదాన్నే కూర్చుని హింస గడిలో ఒకటి కొట్టాను. ప్రింటు తియ్యబోతుంటే ఆఫీసరు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

“అమ్మా, ఈ నెలకి నిల్ వేసెయ్యి. విచారణ తేలాక వచ్చే నెల చూపిద్దాం. ఒక్కసారిగా ఇది వెళ్తే పైనుంచి వంద ప్రశ్నలొస్తాయి.” కాస్త ఆగి, “నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది కదూ?” అన్నారు. బెదిరించినట్టు అనలేదు. నా మీద జాలి ఉన్నట్టే అన్నారు. అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది.

ఇంట్లో అబ్బా కళ్ళ చుక్కలు, చెల్లెలి కాలేజీ గుర్తొచ్చాయి. వేలు కీబోర్డు మీదే ఉంది. ఆ ఒకటి చెరిపెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. చివరికి, “సార్, ఆ పిల్ల చేతులు నేను చూశానండి” అన్నాను. ప్రింటు నొక్కాను. ప్రింటరు మొదలైంది. ఆయన ఆపమంటారేమోనని ఒక్కొక్క వరసకీ భయపడ్డాను. కాగితం పూర్తిగా బయటికి వచ్చాక ఆయనే చింపి తీసుకున్నారు. ఆ గడి దాకా చదివారు. జేబులోంచి పెన్ను తీసి నిలబడే సంతకం పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయారు.

వంద ప్రశ్నలూ వచ్చాయి. ఆశ్రమంలో ఏ పుస్తకంలోనూ పేరు లేని పిల్లలు మరికొందరు బయటపడ్డారు, ఆ ఆశ్రమం మూతపడింది. ఆర్డరు లేకుండా వెళ్ళినందుకు భ్రమరాంబ గారికి మెమో ఇచ్చారు. లెక్కల సీటు తీసేసి టపాలు పంపే సీటులో కూర్చోబెట్టారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఏడు నెలలు ఒక జిరాక్సు సెంటరులో పని చేశాను. మా అమ్మీకి ఆవిడ మీద పీకల దాకా కోపం. ఒకసారి ఆవిడ మా ఇంటికొచ్చి, అమ్మీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, “మీ అమ్మాయికి నా వల్ల నష్టం జరిగిందండి” అన్నారు. అమ్మీ లేచి వెళ్ళి టీ పెట్టింది.

దుర్గని మరుసటేడు ఉండి అనే ఊరి దగ్గర ఒక టైలరమ్మ పెంపకానికి తీసుకుంది, ఈసారి అన్ని విచారణలూ జరిగాకే. నెలకోసారి ఎవరో ఒకరు వెళ్ళి చూసేవారు. బడికి వెళ్తోందని, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం తగ్గిందని మాత్రం విన్నాను. తర్వాత ఆ పిల్ల మా పుస్తకాల్లోంచి వెళ్ళిపోయింది. ఎక్కడుందో కనుక్కుందామా అని ఒకసారి అడిగితే భ్రమరాంబ గారు ఒప్పుకోలేదు. “మనల్ని చూస్తే ఆ షెడ్డే గుర్తొస్తుందమ్మా. మర్చిపోనీ” అన్నారు. ఆవిడ రిటైరై తాడేపల్లిగూడెంలోనే ఉండిపోయారు. అయిదేళ్ళ కిందట నిద్రలోనే వెళ్ళిపోయారు.

నేను తర్వాత పరీక్ష రాసి ఇదే శాఖలోకి శాశ్వత ఉద్యోగిగా తిరిగొచ్చాను. ఇప్పుడు నా కింద ఎనిమిదిమంది ఉన్నారు. కాగితాలు అన్నీ కంప్యూటర్లోనే వస్తాయి, మొత్తాలు వాటంతటవే సరిపోతాయి. అయినా నెలలో ఒక ఆదివారం ముందుగా కబురు పెట్టకుండా, పిల్లని పెంపకానికి తీసుకున్న ఏదో ఒక ఇంటికి వెళ్తాను. ఇన్నేళ్ళ ఉద్యోగం ధైర్యం ఇస్తుందనుకునేదాన్ని, ఇవ్వలేదు. పోయిన నెల కూడా అంతే. తలుపు ముందు చెయ్యెత్తి మళ్ళీ దించేశాను. లోపల టీవీ మోగుతోంది, చంటిపిల్ల ఎక్కడో ఏడుస్తోంది. వెనక్కి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. గొళ్ళెం కదిపాను. ఒకావిడ తలుపు సగం తెరిచి, “ఎవరండీ?” అంది.

“పాపని ఒకసారి చూసి వెళ్తానండి,” అని చెప్పి, అరుగు మీద కూర్చున్నాను.