మళ్ళీ కొన్న ఆట

ఈ రోజు కేజీఎఫ్‌లో మా ఇంటికి కొత్త రకం కంప్యూటర్ వచ్చింది. మా ఆవిడ మేరీ, కోలారులో ఉండే తన చెల్లెలు రూతు కలిసి ఆన్‌లైన్‌లో ఊరు కట్టే ఆట ఆడుతుంటారు. పాతదానికి కొన్న ఆట ఇందులో పనిచేయదట. తిట్టుకుంటూ మళ్ళీ కొన్నాను. తీరా తెరిస్తే మేరీ ఏళ్ళుగా కట్టుకున్న ఊరు లేదు, అంతా ఉత్త బయలే. ఆమె మొహం వాడిపోయింది.

ఫోన్‌లో సంగతి విని రూతు, "ఆ బయల్లో నువ్వొగదానివే ఏం చేస్తావక్కా? ఉండు, నేనూ వస్తా ఉండా," అంది.

కాసేపటికి ఆటలో తను కట్టుకున్న మేడలూ తోటలూ వదిలేసి, వట్టి చేతులతో ఆ బయల్లోకి వచ్చి అక్క పక్కన నిలబడింది. ఇప్పుడు ఇద్దరూ నవ్వుకుంటూ రాళ్ళు ఏరుతున్నారు.

ఆట అమ్మినవాళ్ళను నాలుగు మాటలు అందామని కూర్చుని, మరదలి గురించి రాసేశాను. మీ ఇంట్లోనూ ఇలాంటి చెల్లెలు ఉందా?