జనవరిల ఆగిన నా మిషన్

1999 ఎండకాలం. నల్లగొండ గడియారం సెంటర్ల నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండె. ఇంటర్నెట్ అంటే జనానికి భయం, ఏదన్న నొక్కితే ఖరాబైతదని ముట్టకపోదురు. అందుకే ఒక ఉపాయం చేసిన. కావాల్సిన వెబ్ పేజీకి తెర మీద ఒక బొమ్మ పెట్టి, దాన్ని కియోస్క్ మోడ్‌ల, అంటే తెర నిండా, తెరుచుకునేటట్టు చేసిన. పైన అడ్రస్ బార్ లేదు, కింద టైం చూపే పట్టీ లేదు. అచ్చం సొంత సాఫ్ట్‌వేర్ లెక్క కనపడుతుండె. నా తెలివికి నేనే మురిసిపోయేటోన్ని.

ఒకనాడు హాలియా ఊర్ల గడియారాలు బాగుచేసే మహబూబ్ భాయ్, బిడ్డ నస్రీన్‌ను తోల్కొని వచ్చిండు. హైదరాబాద్‌ల ఒక దవాఖానోళ్లు నర్సింగ్ సీట్లకు దరఖాస్తులు తీసుకుంటున్నరు. ఆ సాయంత్రం ఐదింటికే ఆఖరు. పోస్టుల వేస్తే అందదు, నెట్‌ల పంపుడే దారి. అప్పటికే నాలుగు దాటింది.

బొమ్మ నొక్కంగనే హెచ్చరిక వచ్చింది: ఈ సైటు సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు అయిపోయింది, లేదంటే ఇంకా మొదలు కాలేదు. సర్టిఫికెట్ అంటే సైటుకు గుర్తింపు కార్డు. అది సక్కగ లేకుంటే అవతల ఉన్నది దవాఖాననో దొంగనో తెల్వది.

"ఎస్ నొక్కుండ్రి సార్, పోతది" అన్నది నస్రీన్. గొంతు వణుకుతాంది.

"పోతది బిడ్డా, ఎవరి చేతిల పడ్తదో తెల్వదు. నీ అడ్రసు, మార్కులు, అన్నీ దాంట్లనే ఉన్నయి" అన్న. దవాఖానోళ్లను తిట్టుకుంట మూడుమార్లు మూసి తెరిచిన. మళ్ల అదే మాట.

మహబూబ్ భాయ్ ముందుకు వంగి, "జర ఆ కార్డు చూపియ్యుండ్రి సార్" అన్నడు. తెరిచి చూపిచ్చిన. కండ్లద్దాలు సవరించుకొని చూసిండు. "ఇది మార్చిల మొదలైంది. మరి మీ మిషన్ల ఇయ్యాల తారీఖెంత?"

అప్పుడు నాకు యాదికొచ్చింది. పెండ్లి కార్డులు కొట్టే తెలుగు సాఫ్ట్‌వేర్ నెలరోజుల ట్రయల్‌ది. గడువు అయిపోకుండ తారీఖు వెనక్కి జరుపుకుంట వాడుకునేటోళ్లం, మా సెంటర్లోళ్లందరు చేసే పనే అది. నా మిషన్ల ఇంకా జనవరే నడుస్తాంది. అది కనపడకుండ తెర నింపింది సుత నేనే.

పెండ్లి కార్డుల పని బందైతె బందాయె అనుకొని తారీఖు సరిచేసిన. మళ్ల బొమ్మ నొక్కిన. హెచ్చరిక లేదు, సీదా ఫారం తెరుచుకున్నది. నస్రీన్ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట కొట్టింది. ఐదింటికి ఇంక ఐదు నిమిషాలున్నయనంగ "మీ దరఖాస్తు అందింది" అని వచ్చింది. ఆ పిల్ల చున్నీ మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్వుకుంటనే ఏడ్చింది. నాకైతే లేచి ఎగరాలన్నంత సంతోషమైంది.

పోయేముందు మహబూబ్ భాయ్ నా భుజం తట్టిండు. "ఆగిపోయిన గడియారంతోని ఫికర్ లేదు సార్, చూడంగనే తెలుస్తది. కావాలని వెనక్కి తిప్పిన దాంతోనే పరేషాన్."

సీటొచ్చింది. మిఠాయి డబ్బాతో పాటు ఆయన ఒక గోడ గడియారం తెచ్చి, సరిగ్గ నా మిషన్ పైన గోడకు కొట్టిపోయిండు. ఆనాటి సంది సెంటర్ తెరవంగనే మొదలు తారీఖు చూసుకుంట. ఎదుటోని సర్టిఫికెట్ తప్పని అందామని నోరు తెరిచినప్పుడల్ల, నస్రీన్ వణికిన గొంతు యాదికొచ్చి ముందుగాల నా గడియారం దిక్కు చూస్త.