తెల్లపిట్ట లేని సముద్రం

ఇంటికి రంగులేసేవాళ్ళు టర్పెంటైన్ సీసా మూత తీశారంటే చాలు, నేను చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోతాను. మావారు నవ్వుతారు. నవ్వనీండి. ఒకప్పుడు నాకది నాన్న వాసన.

వైజాగ్‌లో ఓడలకు పేర్లు రాసి రాసి, నాన్న సౌదీలోని జుబైల్ రేవుకు పెయింటింగ్ సూపర్‌వైజర్‌గా వెళ్ళారు. పగలంతా ఓడలకు రంగు వేయించడం, ఇంటికొచ్చి కాన్వాసు మీద సముద్రం వేయడం. శుక్రవారం అమ్మ పులిహోర, అప్పడాలు డబ్బాల్లో సర్దితే, కారు డిక్కీలో రంగులు, టర్పెంటైన్ సీసా, నా ఇసుక బకెట్టు ఒకదాని మీద ఒకటి దొర్లుతుండగా ఊరికి ఉత్తరాన ఉన్న తీరానికి వెళ్ళేవాళ్ళం. ప్రతి బొమ్మలోనూ ఆఖరున ఒక తెల్లపిట్ట వేసేవారు. "చెప్పవే, ఎక్కడెగరాలి?" అని నన్నే అడిగేవారు. ఏడేళ్ళదాన్ని, ఎంత గర్వమో! నాన్నకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అదే కఫీలు, ఆయన చుట్టాలు ఆ పిట్ట కోసమే బొమ్మలు కొనేవారు.

గల్ఫ్ యుద్ధం వచ్చింది. కిటికీలకు టేపులు, సైరన్లు, మూసేసిన బడి, అదంతా నాకు ఆటలాగే ఉండేది, ఒట్టు. యుద్ధం ఆగాక తీరానికి వెళ్ళాం.

అలల చప్పుడే లేదు. కనుచూపుమేరా, యుద్ధంలో నీళ్ళలోకి వదిలేసిన నల్లటి చమురు, చిక్కగా, మడతలు పడుతూ. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కారు దగ్గరే ఆగిపోయింది. నా కాళ్ళ దగ్గర తారుముద్ద ఉంటే వేలితో పొడిచాను. అది కన్ను తెరిచింది.

నా కేకకు నాన్న పరుగెత్తుకొచ్చారు.

"ఓలమ్మో, పిట్టే ఇది! ఏడవకే, బతికించేద్దుం. సీసా తే, బేగి!"

కుంచెకంటిన రంగు దేనితో పోతుందో ఆ సీసానే తెచ్చిచ్చాను. నాన్న గుడ్డ తడిపి ఎంత సుతారంగా తుడిచారో! రెక్క కింద తెలుపు కనబడగానే చప్పట్లు కొట్టాను. అంతలో అది గిలగిలా కొట్టుకుని, నాన్న చేతుల్లోనే మెడ వాల్చేసింది. సబ్బునీళ్ళతో కడగాలట, టర్పెంటైన్ వాటికి విషమట. రేవులో ఎవరో చెప్పారు, తరవాత. ఆ రోజంతా నాన్న చేతులు కడుక్కుంటూనే ఉన్నారు.

ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు సముద్రాలు వేశారు. పిట్టేదని కఫీలు అడిగితే "ఖలాస్" అనేసేవారు. బొమ్మలు కొనేవాళ్ళు తగ్గినా పట్టించుకోలేదు.

ఆఖరి రోజుల్లో వైజాగ్‌లో నాన్న మంచం పట్టినప్పుడు, ఆయన వేసిన చివరి సముద్రం ముందు పెట్టి, "ఒక్క పిట్టను వేయండి నాన్నా" అని బతిమాలాను. కుంచెను తెల్లరంగులో ముంచి, నా వైపు చూశారు.

"చెప్పవే, ఎక్కడెగరాలి?"

చోటు చూపించాల్సిన నేను ఆయన చేతుల వంకే చూశాను. ఆయన కుంచె కింద పెట్టేశారు.

ఆ బొమ్మ మా హాల్లోనే ఉంది. ఇవాళ రంగులవాళ్ళు దాన్ని గోడ మీంచి దించుతుంటే, ఆ సీసా దూరంగా పెట్టండని గట్టిగా అరిచేశాను. అందులో పిట్ట లేదని తెలిసి కూడా.