యెమాంజా తల్లి అద్దం

నేను చేసిన తిక్క పనులన్నీ నా ఆటోలో ఎక్కిస్తే టైర్లు పేలిపోతాయి. వాటిల్లో ముందు సీటు దీనిదే. వినండి, నవ్వుకోండి, మా బావమరిది శీనుకు మాత్రం చెప్పకండి.

ఓ ఆదివారం ముత్తుకూరులో నలుగురు నావికులు నా ఆటో ఎక్కారు. బ్రెజిల్ నుంచి నూనె తెచ్చిన ఓడవాళ్లు. సముద్రం ఒడ్డుకు పోనిమ్మన్నారు. దింపి, వల బాగుచేసుకుంటున్న శీనుతో కబుర్లలో పడ్డాను. ఇంతలో బకెట్ మీద దరువు వినిపించింది. తిరిగి చూస్తే పూలు, దువ్వెన, సెంటుసీసా, అద్దం ఉన్న బుట్ట అలల మీద పోతోంది. ఆంటోనియో అనే పొడుగాయన బకెట్ బోర్లించి వాయిస్తున్నాడు. మిగతావాళ్లు పాడుతూ, సముద్రం వైపు చేతులు చాచి ఊపుతున్నారు.

"బావా, వాళ్ల సామాను కొట్టుకపోతుండాది! నిన్నే పిలస్తుండారు, పో!" అన్నాడు శీను.

చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, చూస్తూ ఊరుకుంటానా? దూకేశాను. బుట్ట ఒరుగుతోందని అద్దాన్ని లుంగీ మొలలో దోపుకున్నాను. బుట్ట తెచ్చి ఆంటోనియో ముందు పెట్టి, దండ వేస్తారేమోనన్నట్టు తల వంచి నిలబడ్డాను. దరువు ఆగిపోయింది.

"ఎందుకు తెచ్చావు?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

"మీదే కదా సార్!"

"మాది కాదు. అమ్మది."

సముద్రపు తల్లి యెమాంజాదట. వాళ్ల పూర్వీకుల్ని ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో కుక్కి తెచ్చినప్పుడు, ఆ తల్లీ ఆ పాటలూ వాళ్ల వెంటే వచ్చాయట. ఒక్కో దేవతకు ఒక్కో దరువు. చేతులు ఊపడం నన్ను పిలవడానికి కాదు, అలలాగా ఆడి ఆమెను పిలవడానికి.

"నా భార్యకు నెలలు నిండాయి. కాపాడమని పంపాను. బుట్ట తిరిగొస్తే అమ్మ వద్దన్నట్టు."

"అమ్మ పంపలేదు సార్, నేనే తెచ్చాను!"

"ఆమె ఇవ్వకపోతే నీ చేతికి వస్తుందా?"

నాకు ఏడుపొచ్చింది. మా గంగమ్మకు మేమూ పసుపు, కుంకుమ, చీర నీళ్లలో వదులుతాం. వాటిని ఎవడైనా వెనక్కి తెస్తే నేనే చెప్పు తీసేవాణ్ణి.

ఆంటోనియో బుట్టంతా వెతికాడు. ఒక్కసారిగా గంతేశాడు.

"అద్దం లేదు! అమ్మకు అద్దమంటే ప్రాణం. తీసుకుంది!"

నా చెయ్యి మొల దగ్గరకు పోయింది. లుంగీ ముడి ఇంకాస్త బిగించాను. ఆయన నన్ను వాటేసుకుని, బకెట్ ఇంకొకరికిచ్చి, నన్నూ ఆటలోకి లాగాడు. కళ్లు తుడుచుకుంటూ ఆడుతున్నాడు. నేను నడుం ఊపినప్పుడల్లా అద్దం అంచు పొట్టలో గుచ్చుకుంటోంది.

"భలే ఆడతుండావు బావా!" అని శీను ఈలలు.

వాళ్లను రేవు దగ్గర దింపి, తిరిగొచ్చి, అద్దాన్ని బలం కొద్దీ సముద్రంలోకి విసిరాను. ప్లాస్టిక్ అద్దం, తేలుతూ నా కాళ్ల దగ్గరకే వచ్చింది. మళ్లీ విసిరాను. మళ్లీ వచ్చింది. నా చేత్తో ఇస్తే ఆ తల్లికి అక్కర్లేదు.

ఓడ వెళ్లిపోయింది. ఆ తల్లీబిడ్డలు ఎట్లా ఉన్నారో నాకు తెలీదు. నవ్వుతూ చెబుతున్నా గానీ, నిజం చెప్పనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే, ఆటోకు కట్టుకున్న ఆ అద్దంలో నా మొహం చూసుకుంటూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సముద్రంలో ఏది తేలుతున్నా, చివరికి అది మా శీనే అయినా, ఏ తల్లికి ఇచ్చారో కనుక్కోకుండా ముట్టుకోను.